బీపీ మాత్రలు మానేసేది మతిమరుపు వల్లేనా?

వానచినుకు
మా మామగారికి బీపీ ఉందని తెలిసి చాన్నాళ్ళయింది. రెండు రకాల మాత్రలు రాశారు. కొన్నాళ్ళు బుద్ధిగా వేసుకుంటారు, తర్వాత ఆపేస్తారు. ఎందుకాపారు మామయ్యా అంటే "మరిచిపోయానమ్మా" అంటారు. వారం రోజుల గళ్ళున్న డబ్బా కొన్నాం. ఫోనులో అలారం పెట్టాం. అది మోగగానే ఆపేసి తన పని తను చూసుకుంటారు. పోనీ మతిమరుపు మనిషా అంటే, బిల్లుల ఆఖరు తేదీల దగ్గర్నుంచి అందరి పుట్టినరోజుల దాకా ఇంట్లో గుర్తుచేసేది ఆయనే. ఈ ఒక్క మాత్ర దగ్గరే మతిమరుపు ఎందుకొస్తోందో నాకు అంతుపట్టడం లేదు.

ఇంట్లో ఇలాంటివాళ్ళతో వేగుతున్నవాళ్ళూ రాయండి, స్వయంగా మానేసినవాళ్ళూ రాయండి. రెండోవాళ్ళు రాస్తే ఇంకా మేలు.

కోడుకూలీ
ఒట్టి అలారం చాలదండీ. మాత్ర వేసుకునేటప్పుడు ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టమనండి. మా నాన్నతో అదే చేయిస్తున్నాం. యాప్‌లు కూడా బోలెడున్నాయి, ఆయన వేసుకోకపోతే మీ ఫోనుకి మెసేజ్ వస్తుంది.

అనుమానప్పక్షి
ఫొటో ఏంటి సార్, హాజరుపట్టీనా? నన్నెవరైనా అలా అడిగితే ఫొటో పంపించి, మాత్ర జేబులో వేసుకుంటా.

మానేసినవాళ్ళని రాయమన్నారు కాబట్టి రాస్తున్నా. నాకు బీపీ ఉందని చెప్పేనాటికి తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. వేరే పని మీద వెళ్తే చూసి చెప్పారు. మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాలకి, సాయంత్రమయ్యేసరికి చీలమండల దగ్గర వాపు. సాక్సు విప్పితే గీత పడి ఉండేది. జబ్బు ఉన్నప్పుడు బాగానే ఉన్నాను, మందు వేసుకున్నాకే జబ్బు మనిషినయ్యాను. ఆపేశాను, వాపు పోయింది. ఇందులో మతిమరుపు ఎక్కడుంది? ఆలోచించుకునే ఆపాను. డాక్టరుకి మాత్రం చెప్పలేదు. చెబితే క్లాసు పీకుతారని.

రాత్రిడ్యూటీ
నేను నర్సుని. అనుమానప్పక్షి గారు రాసింది డ్యూటీలో వింటూనే ఉంటాను. "మరిచిపోయాను" అనేది మర్యాదైన జవాబండీ. ఇష్టం లేదంటే గొడవ, భయమేసిందంటే చిన్నతనం, డబ్బుల్లేవంటే నామోషీ. మరిచిపోయానంటే ఎవరూ ఏమీ అనరు, ఇంకో అలారం పెట్టి వదిలేస్తారు.

దీనివల్ల వార్డులో మేం చూసే ముచ్చట ఒకటుంది. ఇంట్లో మాత్రలు సరిగా వేసుకోరు. బీపీ తగ్గలేదని డాక్టరు ఒక్కోటీ చేర్చుకుంటూ పోతారు, చీటీలో నాలుగు రకాలవుతాయి. తర్వాత ఎప్పుడో వేరే కారణానికి ఆస్పత్రిలో చేరతారు. మేం చీటీలో ఉన్నవన్నీ టైము ప్రకారం ఇస్తాం. మర్నాటికల్లా బీపీ ఢమాల్న పడిపోయి మనిషి లేచి నిలబడలేడు. అప్పుడు పక్కనున్నవాళ్ళు మెల్లగా చెబుతారు, "ఇంట్లో ఇవన్నీ వేసుకోరు మేడమ్" అని. అందుకే, డాక్టరు దగ్గర వేసుకుంటున్నామని తలూపేస్తే పోయేదేముందిలే అనుకోవద్దు.

తెల్లకోటు
జనరల్ ఫిజీషియన్‌ని. ఇక్కడ రాసేది సమాచారం కోసం మాత్రమే, ఎవరి మందులు మార్చాలన్నా చూసే డాక్టరే మార్చాలి.

అనుమానప్పక్షి గారూ, మీకిచ్చింది ఆమ్లోడిపిన్ జాతి మందు అయ్యుండొచ్చు. అది సన్నటి ధమనుల్ని వదులు చేస్తుంది, సిరల్ని అంతగా చేయదు. దాంతో రక్తం వచ్చే దారి వెడల్పవుతుంది, పోయే దారి మామూలుగానే ఉంటుంది. ఆ ఒత్తిడికి నీరు బయటికి ఊరి చీలమండల దగ్గర చేరుతుంది. మందువల్ల వచ్చే ఈ వాపుకి అర్థం గుండెయో కిడ్నీయో పాడైందని కాదు. డోసు పెరిగితే వాపూ పెరుగుతుంది. డోసు తగ్గించినా, టెల్మిసార్టన్ లాంటి ఏఆర్‌బీ మందు (రక్తనాళాల్ని బిగించే హార్మోనుని అడ్డుకునే రకం) జత చేసినా చాలామందిలో తగ్గుతుంది. అయితే వాపు ఏ కారణంవల్లో తేల్చాల్సింది మాత్రం చూసిన డాక్టరే. ఇది వస్తే ఫోన్ చేయమని మందు రాసిన రోజే మీకు చెప్పి ఉండాల్సింది.

అలాంటివే ఇంకొన్ని. రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడేవాళ్ళలో కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. బీపీ మాత్రకీ దగ్గుకీ సంబంధం ఉంటుందని ఎవరికి తడుతుంది? సిరప్‌లు మార్చి మార్చి తాగుతారు. ఏఆర్‌బీకి మారిస్తే సాధారణంగా కొన్ని వారాల్లో పోతుంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లతో నీరసం, వేళ్ళు చల్లబడటం. ఒంట్లో నీటిని బయటికి పంపే నీళ్ళ మాత్రలతో ఎక్కువసార్లు మూత్రానికి వెళ్ళాల్సి రావడం.

ఇక మరిచిపోవడం సంగతి. మూత తీసిన ప్రతిసారీ టైము నమోదు చేసే చిప్పుతో మందు సీసాలుంటాయి. అలాంటివాటితో చేసిన 21 అధ్యయనాల లెక్కలన్నీ కలిపి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశారు. మొత్తం 4,783 మంది బీపీ రోగులు. మందు కొనసాగిస్తున్నవాళ్ళలో ఏ రోజు చూసినా సుమారు 10 శాతం డోసులు తప్పుతున్నాయి. ఏడాది తిరిగేసరికి మాత్రం దాదాపు సగంమంది మొత్తానికే ఆపేశారు. ఓ రోజు తప్పడం వేరు, పూర్తిగా మానేయడం వేరు. అలారం పనికొచ్చేది మొదటిదానికే. వానచినుకు గారి మామగారిది రెండోదిలా ఉంది.

కోడుకూలీ
ఇవి పాత లెక్కలు కదా డాక్టర్ గారూ. ఇప్పుడు అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లున్నాయి.

మాత్రలపెట్టె
ఫార్మసిస్టుని. కోడుకూలీ గారూ, కొత్తవీ ఉన్నాయి. 2018లో అమెరికాలో 411 మంది బీపీ రోగుల్లో సగంమందికి మాత్రలు గుర్తుచేసే యాప్ ఇచ్చారు. 12 వారాల తర్వాత "నేను బాగా వేసుకుంటున్నాను" అని చెప్పేవాళ్ళు కాస్త పెరిగారు. బీపీలో తేడా మాత్రం రాలేదు. అంతకు ముందు ఏడాది అదే దేశంలో, దీర్ఘకాలం మందులు వాడే 53 వేలకు పైగా మందికి గళ్ళ డబ్బా, టైమరున్న మూత, రోజు మార్చే పట్టీ, ఇలా రకరకాల సాధనాలు పోస్టులో పంపారు. ఏవీ అందనివాళ్ళతో పోలిస్తే వీళ్ళేమీ మెరుగ్గా వేసుకోలేదు. నిజంగానే మరిచిపోయేవాళ్ళకి డబ్బా మంచిదే, నేనూ అమ్ముతాను. నిర్ణయించుకుని మానేసినవాళ్ళకి డబ్బా ఇస్తే గళ్ళు నిండే ఉంటాయి, అంతే.

కౌంటరు ఇవతల నిలబడితే డాక్టర్లకి కనిపించనివి మాకు కనిపిస్తాయి. నెలకి సరిపడా రాస్తే పది రోజులకి కొనేవాళ్ళు. నాలుగు మందులుంటే "ఇందులో ముఖ్యమైనది ఒకటివ్వండి" అనేవాళ్ళు. ఒక మాత్రని సగం చేసి రెండు రోజులు నెట్టేవాళ్ళు. ఇవన్నీ మతిమరుపు కింద రాసుకుంటారు, కానీ ఇది డబ్బు. కెనడాలో ఖర్చు భరించలేక మందులు ఆపేసిన 786 మంది మీద ఒక పరిశోధన జరిగింది. వాళ్ళలో సగంమందికి మందులు ఉచితంగా ఇంటికి పంపారు. ఏడాది తర్వాత, ఉచితంగా అందినవాళ్ళలో సుమారు 38 శాతం సరిగా వాడుతున్నారు, అందనివాళ్ళలో సుమారు 27 శాతం. బీపీ ఉన్నవాళ్ళలో పై అంకె కూడా సగటున 7 పాయింట్లు తగ్గింది. అంటే డబ్బు పెద్ద కారణమే. అదే సమయంలో, ఊరికే ఇచ్చినా సగానికి పైగా సరిగా వేసుకోలేదు. రెండూ కలిపి చూడాలి.

ఇంకోటి, ఎవరూ పట్టించుకోరు. కంపెనీ మారితే మాత్ర రంగు మారుతుంది, ఆకారం మారుతుంది. మందు అదే. ఇంటికెళ్ళాక "ఇది నాది కాదు" అని పక్కన పెట్టేస్తారు, లేదా పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటారు. గుండెపోటు వచ్చినవాళ్ళ మీద 2014లో వచ్చిన పరిశోధనలో, మాత్ర రంగు మారినప్పుడు మందు ఆగిపోయే అవకాశం 34 శాతం, ఆకారం మారినప్పుడు 66 శాతం పెరిగిందని తేలింది. అందుకే బ్రాండు మార్చి ఇచ్చినప్పుడల్లా స్ట్రిప్పు మీద మందు పేరు చూపించి మరీ చెబుతాను. వెనక క్యూలో వాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

లెక్కలమాస్టారు
రిటైరైన లెక్కల టీచర్ని, బీపీ మాత్రలు వాడుతున్నవాణ్ణి. వానచినుకు గారి మామగారి వైపు నుంచి నాలుగు మాటలు.

మొదటిరోజు నన్ను భయపెట్టింది బీపీ కాదు, "జీవితాంతం" అన్న మాట. జ్వరానికి ఐదు రోజులంటారు, ఆరోరోజు మనం మామూలు మనుషులం. దీనికి ఆరోరోజు లేదు. రోజూ పొద్దున్నే ఆ మాత్ర చేతిలోకి తీసుకుంటే నువ్వు పేషెంటువి అని గుర్తుచేస్తుంది. వేసుకోని రోజున ఆ గొడవ లేదు. ఈ ముచ్చట కోడలితో చెప్పుకుంటామా?

రెండోది లెక్క. బీపీ మాత్ర వల్ల కలిగే లాభం ఎవరి కంటికీ కనపడదు. 2016లో లాన్సెట్‌లో చాలా ట్రయల్స్ కలిపి చూస్తే, పై అంకె 10 పాయింట్లు తగ్గితే పక్షవాతం ముప్పు సుమారు 27 శాతం, గుండె, రక్తనాళాల పెద్ద ప్రమాదాలన్నీ కలిపి సుమారు 20 శాతం తగ్గాయి. చిన్న లాభమేమీ కాదు. కానీ రాకుండా పోయిన పక్షవాతాన్ని ఎవరైనా చూశారా? అదే కాళ్ళ వాపయితే సాయంత్రానికి కనిపిస్తుంది. ఇన్సూరెన్సు ప్రీమియం కట్టేవాడికి ఏడాది చివర డబ్బు వృథా అయిందనిపించినట్టే ఇదీను. అనుమానప్పక్షి గారు ఆలోచించుకునే ఆపానన్నారు. ఆలోచన సరైనదే, చేతిలో ఉన్న అంకెలే సగం.

మరో రహస్యం. డాక్టరు అపాయింట్‌మెంటు దగ్గరపడుతోందంటే మా బ్యాచ్ అందరం మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటాం. అక్కడ రీడింగ్ బాగుంటుంది. "భేష్, ఇలాగే కంటిన్యూ చేయండి" అంటారు. ఏది కంటిన్యూ చేయమన్నారో మాకు మాత్రమే తెలుసు.

తెల్లకోటు
మాస్టారూ, మీ బ్యాచ్ సంగతి మాకూ తెలుసు 🙂 పరిశోధకులు దానికో పేరు కూడా పెట్టారు. అపాయింట్‌మెంటుకి కొద్ది రోజుల ముందూ, తర్వాతా మాత్రల వాడకం పెరిగి మళ్ళీ జారిపోవడం చిప్పు సీసాల్లో చక్కగా కనిపిస్తుంది.

రెండోషిఫ్ట్
ఇక్కడ అందరూ పెద్దవాళ్ళ గురించే రాస్తున్నారు. నాకు ముప్పై నాలుగు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో బయటపడింది. "ఈ వయసులో బీపీ ఏంట్రా" అని ఇంట్లో ఒకటే మాట. ఎవరి ముందూ మాత్ర వేసుకోను. బాత్రూములో వేసుకుంటా, లేకపోతే వేసుకోను. నైట్ షిఫ్టు వారం వస్తే పొద్దున్న ఏదో రాత్రి ఏదో తెలీదు. మాత్ర పొద్దున్నే వేసుకోవాలని రాశారు, నాకు పొద్దున్నంటే పడుకునే టైము. దాంతో ఆ వారమంతా పోతుంది. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు "వారం వేసుకోకపోయినా ఏమీ కాలేదుగా" అనిపిస్తుంది.

తెల్లకోటు
రెండోషిఫ్ట్ గారూ, టైము గురించి ఇప్పుడు స్పష్టత ఉంది. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా బీపీ రోగుల్లో కొందరిని పొద్దున్న, కొందరిని రాత్రి వేసుకోమని ఐదేళ్ళకు పైగా గమనించారు. 2022లో ఫలితాలొచ్చాయి. గుండెపోటు, పక్షవాతం, వాటివల్ల మరణాలు, వేటిలోనూ తేడా లేదు. కాబట్టి చాలామంది మీకు తప్పకుండా కుదిరే వేళకి వేసుకోవచ్చు. నిద్ర లేవగానే అని పెట్టుకుంటే షిఫ్టు మారినా ఇబ్బంది ఉండదు. నీళ్ళ మాత్ర ఉంటే మాత్రం పడుకునే ముందు వద్దు, మూత్రానికి లేచి నిద్ర పాడవుతుంది. మీ చీటీ చూసి మీ డాక్టర్ని అడగండి.

ఈ వయసులో అన్నారు కాబట్టి ఇంకోటి. చిన్న వయసులో బీపీ ఎక్కువగా ఉంటే కిడ్నీ, హార్మోన్ల లాంటి వేరే కారణం ఉందేమో చూసే పరీక్షలుంటాయి. చేయించారా?

రెండోషిఫ్ట్
చేయించాను, ఏమీ లేదన్నారు. లేవగానే అన్న ఐడియా ఎవరూ చెప్పలేదు. థాంక్యూ.

పేరొద్దు
ఈ ప్రశ్న కోసమే కొత్త ఐడీ పెట్టుకున్నాను. మాత్రలు మొదలయ్యాక దాంపత్య జీవితంలో ఇబ్బంది మొదలైంది. నెట్‌లో చూస్తే బీపీ మందులవల్లే అని ఉంది. ఆపేశాను. ఇది డాక్టరుతో ఎలా చెప్పుకోవాలి? పక్కన మా ఆవిడ కూర్చుని ఉంటుంది, లోపలికి ఇంకో పేషెంటు తొంగిచూస్తుంటాడు.

తెల్లకోటు
మంచి పని చేశారు అడిగి. మగవాళ్ళు నోరు విప్పకుండా మందు ఆపేసే కారణాల్లో ఇదొకటి.

పాతకాలం బీటా బ్లాకర్లు, నీళ్ళ మాత్రలు కొందరికి ఈ ఇబ్బంది తెస్తాయి, నిజమే. ఏఆర్‌బీలతో ఆ బాధ తక్కువ. కాబట్టి మార్చుకునే వీలుంది. అలాగే అదుపులో లేని బీపీ కూడా రక్తనాళాల్ని దెబ్బతీసి ఇదే ఇబ్బంది తెస్తుంది. మందు ఆపడం పరిష్కారం కాకపోవచ్చు.

మూడోది కొంచెం విచిత్రం. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో 96 మంది మగవాళ్ళకి అటెనలాల్ అనే బీటా బ్లాకర్ ఇచ్చారు. ఏ మందో చెప్పనివాళ్ళలో 3 శాతం మందికే ఈ సమస్య వచ్చింది. మందు పేరు మాత్రమే చెప్పినవాళ్ళలో 16 శాతం. మందు పేరూ, ఈ సైడ్ ఎఫెక్టూ రెండూ చెప్పినవాళ్ళలో 31 శాతం. మీ బాధ ఊహ అని నేననడం లేదు. భయం కూడా శరీరం మీద పనిచేస్తుంది, అంతే. దీనివల్ల మాకు ఇరకాటం: చెప్పకపోతే దాచినట్టు, చెబితే తెచ్చిపెట్టినట్టు. నేను చెప్పే వైపే ఉంటాను, "కొద్దిమందికి వస్తుంది, వస్తే మందు మార్చొచ్చు" అని రెండూ కలిపి.

చెప్పడం ఎలా అన్నారు. ఒక చీటీ మీద రాసి టేబుల్ మీద పెట్టండి. "ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడాలి" అంటే చాలు, మిగతావాళ్ళని బయటికి పంపడం మా పని.

పేరొద్దు
చీటీ సంగతి బాగుంది. అలాగే చేస్తా.

అనుమానప్పక్షి
డాక్టర్ గారు ఓపిగ్గా చెబుతున్నారు కాబట్టి ఇంకో డౌటు. ఆస్పత్రిలో చూస్తే ఎక్కువ, ఇంట్లో చూస్తే తక్కువ. అలాంటప్పుడు అసలు నాకు మాత్ర అవసరమని ఎలా నమ్మాలి? టెన్షన్‌కి పెరిగిందేమో.

తెల్లకోటు
న్యాయమైన ప్రశ్న. కొందరికి నిజంగానే ఆస్పత్రిలో మాత్రమే పెరుగుతుంది. తేల్చుకోవాలంటే చేతికి కట్టే మిషనుతో వారం పాటు ఉదయం, సాయంత్రం చూసి రాయండి. ముందు ఐదు నిమిషాలు కదలకుండా, వీపు ఆనించి, కాళ్ళు నేలమీద పెట్టి కూర్చోవాలి. చేయి గుండె ఎత్తున, మాట్లాడకూడదు. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు. మొదటిరోజువి వదిలేసి మిగతావాటి సగటు చూస్తాం. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువ ఉన్నట్టే. ఆస్పత్రిలోనైతే 140/90.

అయితే ఒక మెలిక. మాత్ర వేసుకుంటూ ఇంట్లో 125 వచ్చిందంటే జబ్బు పోయిందని కాదు, మాత్ర పనిచేస్తోందని. "నార్మల్ వచ్చింది కదా అని ఆపేశాను" అన్నది నేను ఎక్కువగా వినే మాట ఇదే. బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, నడక పెంచి డోసు తగ్గించుకున్నవాళ్ళున్నారు. కొద్దిమందికి మాత్ర ఆపేయగలిగాం కూడా. కానీ అది రీడింగులు చూసుకుంటూ మెట్లు మెట్లుగా చేసే పని.

వానచినుకు
అందరికీ ధన్యవాదాలు. ఇంత కథ ఉందనుకోలేదు. ఒక సందేహం, మా ఆయన సలహా ఇది: మాత్ర పొడి చేసి మామయ్యకి తెలియకుండా తాగేదాంట్లో కలిపేస్తే?

రాత్రిడ్యూటీ
వద్దండీ, అస్సలు వద్దు. కొన్ని మాత్రలు రోజంతా మెల్లగా కరిగేలా చేస్తారు. వాటిని పొడి చేస్తే డోసంతా ఒక్కసారే ఎక్కుతుంది. అంతకంటే ముఖ్యం, తెలివిగా ఉన్న మనిషికి తెలియకుండా మందివ్వడం తప్పు. ఒక్కసారి పసిగట్టారంటే ఇక మీ చేత్తో ఏమిచ్చినా అనుమానమే. ఏ రోజైనా ఆయన స్వయంగా వేసుకుంటే రెండు డోసులైపోతాయి కూడా.

అడిగే తీరు మార్చి చూడండి. "వేసుకున్నారా?" అనకండి, దానికి అవునో కాదో తప్ప జవాబుండదు, "అవును" సులువు. "రోజూ వేసుకోవడం చాలామందికి కష్టమేనట మామయ్యా, పోయిన వారంలో మీకెన్ని రోజులు కుదరలేదు?" అనండి. ఆ తర్వాత "దీంట్లో మీకు నచ్చనిదేంటి?" అని అడిగి ఊరుకోండి. మధ్యలో మీరు మాట్లాడకూడదు, అదే కష్టం. మనిషి దిగులుగా ఉంటున్నారేమో కూడా చూడండి. డిప్రెషన్ ఉన్నవాళ్ళు వైద్యం సరిగా పాటించకపోయే అవకాశం మూడు రెట్లని 2000లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. అదుంటే దానికీ వైద్యం జరగాలి.

మాత్రలపెట్టె
రెండు మాత్రలన్నారు కదా. రెండూ కలిపి ఒకే మాత్రగా దొరికే జత అయితే డాక్టర్ని అడగండి. సంఖ్య తగ్గితే మానేసేవాళ్ళూ తగ్గుతారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన బీపీ మార్గదర్శకాల్లో కూడా వీలైతే ఒకే మాత్రలో కలిపివ్వడం మేలన్నారు. డోసు ఇంకా కుదురుకోనివాళ్ళకి మాత్రం విడివిడిగా ఉంటేనే మార్చడం తేలిక.

లెక్కలమాస్టారు
చెప్పేది ఎవరన్నదీ ముఖ్యమేనండీ. లాస్ ఏంజిలస్‌లో నల్లజాతి మగవాళ్ళు వెళ్ళే క్షౌరశాలల్లో ఒక ప్రయోగం చేశారు, 2018లో అచ్చయింది. కొన్ని షాపులకి ఫార్మసిస్టులే వచ్చి, డాక్టర్లతో కుదుర్చుకున్న పద్ధతి ప్రకారం అక్కడే బీపీ చూసి మందులు రాశారు. ఆరు నెలల్లో పై అంకె సగటున 27 పాయింట్లు తగ్గింది. డాక్టర్ని కలవమని మంగలి చెప్పి పంపిన షాపుల్లో 9 పాయింట్లే. మందులు ఎక్కడైనా ఉన్నవే. ఏళ్ళ తరబడి వెళ్ళే చోటికి, నమ్మే మనిషి దగ్గరికి వైద్యమే వచ్చింది. మీ మామగారికి అలాంటి స్నేహితుడెవరైనా ఉన్నారేమో చూడండి. కోడలు చెబితే వినరు, వాకింగ్‌లో పక్కనోడు చెబితే వింటారు. మా వయసు మగవాళ్ళ లక్షణం.

కోడుకూలీ
సరే, యాప్ వాదన వెనక్కి తీసుకోను గానీ, మా నాన్న ఫొటోలు ఇవాళ జూమ్ చేసి చూశా. అన్నిట్లోనూ అదే చొక్కా.

అనుమానప్పక్షి
😂 చెప్పానా. మీ నాన్నగారు నాకు నచ్చారు.

వానచినుకు
అప్‌డేట్. రాత్రిడ్యూటీ గారు చెప్పినట్టే అడిగి, నోరు మూసుకుని కూర్చున్నా. చాలాసేపటికి చెప్పారు. ఒకటి నీళ్ళ మాత్రట. వేసుకున్న పూట బయటికెళ్తే మూత్రం ఆపుకోలేక ఒకసారి నలుగురిలో ఇబ్బంది పడ్డారట. అప్పట్నుంచి బయటికెళ్ళే రోజు వేసుకోరు. ఆయన బయటికెళ్ళని రోజేది? రెండోది వేసుకుంటే కుర్చీలోంచి లేవగానే కళ్ళు తిరుగుతాయట. "పడితే మీకే కదమ్మా చాకిరీ" అన్నారు. ఏం చేయాలి?

తెల్లకోటు
ఇది చాలా ఉపయోగపడే సమాచారం, మొత్తం డాక్టరుకి చెప్పండి. లేస్తే కళ్ళు తిరగడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కూర్చున్నప్పుడూ, నిలబడ్డాక ఒక నిమిషానికీ, మూడు నిమిషాలకీ బీపీ చూడమని అడగండి. పై అంకె 20 గానీ, కింద అంకె 10 గానీ పడిపోతుంటే మందుల్లో మార్పు కావాలి. సోడియం, పొటాషియం పరీక్ష కూడా చేయిస్తారు, నీళ్ళ మాత్రతో అవి తగ్గే వీలుంది. అసలు నీళ్ళ మాత్రే కావాలా, వేళ మారిస్తే సరిపోతుందా అన్నదీ అడగండి. కొన్ని రోజులు వేసుకుని కొన్ని రోజులు మానడంవల్ల కూడా బీపీ ఎగుడుదిగుడవుతుంది, ఆ రీడింగులు చూసి డోసు పెంచి ఉండొచ్చు. ఈలోపు కాళ్ళు కిందికి వేసి కాసేపు కూర్చుని లేవమనండి. పడిపోయినా, స్పృహ తప్పినట్టున్నా అపాయింట్‌మెంటు దాకా ఆగకండి.

మాత్రలపెట్టె
వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళండి. మానేసినవీ, నొప్పి మాత్రలూ, జలుబు మాత్రలూ, పొడులూ అన్నీ. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలూ, ముక్కుదిబ్బడకి వాడే కొన్ని మాత్రలూ బీపీని పెంచుతాయి. స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయో చూస్తేనే డాక్టరుకి సగం విషయం అర్థమవుతుంది.

వానచినుకు
సంచి సిద్ధం. గురువారం అపాయింట్‌మెంటు. మాట్లాడేది ఆయనే అట, నన్ను మధ్యలో కల్పించుకోవద్దన్నారు.

తూర్పుగాలి
చర్చ ఆలస్యంగా చూశాను. ప్రయాణంలో మాత్రలు ఇంట్లో మరిచిపోతే, లేదా ఒక పూట తప్పితే ఏం చేయాలో ఎవరూ రాయలేదు. రెండు కలిపి వేసుకోవచ్చా? మా అమ్మ బీటా బ్లాకర్ వాడుతుంది.

మాత్రలపెట్టె
రెండు కలిపి వద్దు, ఏ బీపీ మాత్రకైనా. రోజుకొకటి వేసుకునేదైతే, అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తర్వాతి డోసు దగ్గరపడితే తప్పినదాన్ని వదిలేసి మామూలు వేళకి మామూలు డోసు. ఆమ్లోడిపిన్ లాంటివి ఒంట్లో ఎక్కువసేపు ఉంటాయి, ఒక పూట తప్పినా పెద్ద తేడా రాదు. బీటా బ్లాకర్, క్లోనిడిన్ అలా కాదు. ఉన్నట్టుండి ఆపితే గుండె దడ, బీపీ ఎగదన్నడం జరుగుతాయి. గుండెజబ్బు కూడా ఉంటే మరీ ప్రమాదం. అమ్మగారి హ్యాండ్‌బ్యాగులో విడిగా ఒక స్ట్రిప్పు, చీటీ ఫొటో మీ ఫోనులో ఉంచండి. ప్రయాణంలో అయిపోతే ఫొటో చూపించి అక్కడ దగ్గర్లోని డాక్టరు దగ్గర రాయించుకోవచ్చు, ఇంటికొచ్చేదాకా ఆగొద్దు.

తూర్పుగాలి
ఆవిడకి గుండెజబ్బు లేదు, దడకే ఇచ్చారు. అయినా ఇదే వర్తిస్తుందా?

తెల్లకోటు
వర్తిస్తుంది. మానాల్సి వస్తే ఒకటి రెండు వారాల్లో మెల్లగా తగ్గిస్తాం, ఒక్కసారిగా ఆపం.